గోడ మీద గుర్తు పడింది, మెట్లేమో ముందు భాగంలోనే ఉన్నాయి. హరిబౌలి, శాలిబండ వైపు వాళ్లు చెప్పండి

హరిబౌలి_వాసి · శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుని పోవడమే తప్ప నేను రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

హైదరాబాద్ పాతబస్తీలో ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు కదా, మా ఇల్లు కూడా అందులోకి వచ్చింది. ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన ఒక నంబరు వేసి పోయారు. మాది 140 గజాల ఇల్లు. 62 గజాలు పోతుందట, 78 మిగులుతుంది. ఊరందరికీ వచ్చిందే మనకూ వచ్చింది, పోతే పోనీ అంటున్నారు నాన్న. ఆయనకు 74 ఏళ్లు, పుట్టింది కూడా ఈ ఇంట్లోనే. అంత నిమ్మళంగా ఎలా అంటారో నాకు అర్థం కాదు.

నా టెన్షన్ వేరే. మేముండేది పైన. పైకి మెట్లు రోడ్డు వైపు ఉన్నాయి. ఆ గీత నుంచి లోపలికి టేపు పెట్టి కొలిస్తే మెట్లు మొత్తం పోతున్నాయి. గోడలు రెండడుగుల మందం, పాత సున్నం కట్టుబడి, పైన టేకు దూలాలు. ముందు సగం కొట్టేశాక వెనక సగం నిలబడుతుందా? కింద మడిగెలో (దుకాణంలో) స్టవ్వులు బాగుచేసే చాచా 28 ఏళ్లుగా కిరాయికి ఉన్నాడు. ఆయనకేమన్నా వస్తుందా? రోజూ అడుగుతున్నాడు, నా దగ్గర జవాబు లేదు.

ఫలక్‌నుమా_పాతకాపు · శుక్రవారం రాత్రి 10:40

తమ్ముడూ, మాది అయిపోయింది. 2025 జనవరిలో చెక్కులు మొదలయ్యాయి, మా వంతు వచ్చేసరికి ఇంకొన్ని నెలలు పట్టింది. భూమికి గజానికి 81,000. నీ 62 గజాలకు లెక్కేస్తే 50 లక్షల 22 వేలు అవుతుంది. మాకు కట్టడం విలువ వేరుగా లెక్కగట్టారు.

డబ్బు కంటే ముందు కాగితం చూసుకో. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? తాత పేరు మీదే ఉంటే వారసులందరి సంతకాలూ కావాలి. మా ఇంట్లో ఒక చిన్నాన్న సంతకం కోసం నాలుగు నెలలు ఆగాం. ఎప్పుడో ఆగిపోయిన మాటలన్నీ మళ్లీ మొదలయ్యాయి, వద్దనుకున్న గొడవలన్నీ పైకొచ్చాయి.

హరిబౌలి_వాసి · శుక్రవారం రాత్రి 10:52

తాత పేరు మీదే ఉందన్నా. మేనత్త కరీంనగర్‌లో ఉంటుంది. ఆమెకు వాటా ఉందన్న సంగతి ఇప్పటిదాకా మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు, నిజం చెప్పాలంటే.

వకీలు_పక్కింటాయన · శనివారం ఉదయం 7:15

మేనత్తకు ఇవాళే ఫోన్ చేయండి. చెక్కు దాకా వెళ్లాక చేస్తే దొంగతనం చేస్తున్నట్టు ఉంటుంది. వారసుల మధ్య ఎవరికెంత అన్నది తేలకపోతే ఆ డబ్బు ఎవరి చేతికీ రాదు, భూసేకరణ తగాదాలు తేల్చే అథారిటీ దగ్గర డిపాజిట్ చేస్తారు. అక్కడి నుంచి బయటకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఇక అసలు విషయం. 2013 భూసేకరణ చట్టంలో 94వ సెక్షన్ ఉంది, చాలామందికి తెలియదు. ఒక ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామని సర్కారు అన్నప్పుడు, మొత్తం తీసుకోండి అని యజమాని అడగొచ్చు. అప్పుడు సగం మాత్రమే తీసుకోవడం కుదరదు. అవార్డు, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వు, రాకముందు రాతపూర్వకంగా అడగాలి. మనసు మారితే అవార్డుకు ముందే వెనక్కి తీసుకోవచ్చు కూడా. బయట అరుగో, ఖాళీ జాగానో పోతే అది ఇంట్లో భాగమా కాదా అన్న వాదన వస్తుంది, ఇల్లు సక్రమంగా వాడుకోవడానికి ఆ జాగా అవసరమా అన్నది అథారిటీ చూస్తుంది. మెట్లు పోతే పై అంతస్తుకు దారే లేదు కాబట్టి మీ వాదన బలంగానే ఉంటుంది.

ఇంకోటి. ముందే రాసిపెట్టిన ఒప్పంద పత్రం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు. రేటు నచ్చకపోతే డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి తీసుకోవాలి. అది రాయకుండా తీసుకుంటే ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది.

హరిబౌలి_వాసి · శనివారం ఉదయం 8:02

థాంక్స్ సార్. మొత్తం తీసుకోండి అని అడగొచ్చని నాన్నకు చెప్పాను. పేపరు మడిచి పక్కన పెట్టి, "మొత్తం ఎందుకు ఇస్తాం?" అన్నారు, అంతే. నిన్నటి నిమ్మళం ఇవాళ లేదు.

కూకట్‌పల్లి_నుంచి · శనివారం ఉదయం 9:30

నేను లాల్‌దర్వాజాలోనే పుట్టాను, పదేళ్ల కింద ఇటు వచ్చేశాం. ఇక్కడ మెట్రో 2017 నుంచి నడుస్తోంది. గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. పాతబస్తీ వాళ్లంటే మనుషులు కాదా అని మనమే కదా అన్నాం. ఇప్పుడు వస్తుంటే సెక్షన్లు వెతుకుతున్నాం. అమ్మేసి వచ్చేయండి భయ్యా, ఇక్కడ ఫ్లాటులో లిఫ్టుంది, పార్కింగుంది.

లాల్‌దర్వాజా_లక్ష్మి · శనివారం ఉదయం 9:44

బోనాలకు మాత్రం కారేసుకుని వచ్చి మా ఇంటి ముందే పార్క్ చేస్తావు, తమ్ముడూ.

మెట్రో వద్దని ఇక్కడ ఎవరన్నారు? 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేసిన రోజు మా గల్లీలో మిఠాయిలు పంచారు. మా అమ్మాయి రోజూ రెండు బస్సులు మారి కాలేజీకి పోతుంది. మెట్రో కావాలి. మెట్లు కూడా కావాలి. ఆ అబ్బాయి అడిగింది అంతే.

శాలిబండ_కిరాయిదార్ · శనివారం మధ్యాహ్నం 1:20

అందరూ గజాల గురించే మాట్లాడుతున్నారు. మాకు గజం లేదు. మా నాన్న 1994లో పగిడీ (కిరాయికి దిగేముందు ఓనరుకు ఒకేసారి ఇచ్చే డబ్బు) ఇచ్చి మడిగె తీసుకున్నాడు, కుట్టుమిషన్లు పెట్టాడు. పగిడీ మొత్తం నోటిమాట మీద ఇచ్చిందే. ఓనరుకు చెక్కు వస్తుంది, మాకేమో వారంలో ఖాళీ చెయ్యమన్న మాట వస్తుంది. మిషన్ ఎక్కడైనా పెట్టొచ్చు. ఫలానా వాడు ఫలానా చోట ఉంటాడని 30 ఏళ్ల నుంచి తెలిసిన గిరాకీని ఎట్లా తీసుకుపోవాలి?

వకీలు_పక్కింటాయన · శనివారం మధ్యాహ్నం 2:05

భాయ్, మీరు ఊరికే వదిలేయొద్దు. చట్టంలో 'ప్రభావిత కుటుంబం' అంటే సొంతదార్లు ఒక్కరే కాదు. పట్టణాల్లో సేకరణకు ముందు మూడేళ్లకు తక్కువ కాకుండా అక్కడే ఉంటున్నవాళ్లు, అక్కడి పని మీదే బతుకుతూ ఇప్పుడు అది పోతున్నవాళ్లు కూడా అందులోకి వస్తారు. భూమి ధర మీకు రాదు. పునరావాసం కింద రావాల్సింది అడిగే హక్కు మాత్రం ఉంటుంది.

కష్టమల్లా రుజువు దగ్గరే. మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారని చూపించాలి. కరెంటు బిల్లు ఓనరు పేరు మీద ఉంటే అది పనికిరాదు. ట్రేడ్ లైసెన్సు, ఆ అడ్రసుతో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, పాత బిల్లు పుస్తకాలు, కిరాయి రసీదులు, ఏవుంటే అవి. సర్వే వాళ్లు వచ్చినప్పుడు మీ పేరు రాయించుకోండి. షట్టర్ దించి ఉంటే 'ఖాళీ' అని రాసుకుపోయిన సందర్భాలు నేను చూశాను.

శాలిబండ_కిరాయిదార్ · శనివారం మధ్యాహ్నం 2:11

రసీదు ఎవరిచ్చారు సార్ ఈ బస్తీలో.

సున్నం_పని · శనివారం రాత్రి 9:18

మా తాత, నాన్న డంగు సున్నం మేస్త్రులు. నేను సిమెంటూ చేస్తా, సున్నమూ చేస్తా. హరిబౌలి అన్నకు కొంచెం పొడుగ్గానే చెప్తా.

ఫస్టు, ఆ ఇల్లు సగం కొడితే కూలుతుందా అంటే, కూలేది కొట్టే పద్ధతిని బట్టి. మీ దూలాలు ఎటు నుంచి ఎటు ఉన్నాయో చూడండి. ముందు గోడకూ వెనక గోడకూ సమాంతరంగా, అటు పక్క గోడ మీద నుంచి ఇటు పక్క గోడ మీదికి ఉంటే అదృష్టం. ముందు దూలాలు పోతాయి, వెనకవి ఉన్నచోటే ఉంటాయి. అట్లా కాకుండా రోడ్డు గోడ మీద నుంచి నడిమి గోడ మీదికి పరిచి ఉంటే, రోడ్డు గోడ తీసిన రోజే ఒక కొస గాల్లోకి వస్తుంది. కొట్టకముందే కింద బల్లీలు, అంటే గట్టి కర్రలు, పెట్టి ఆసరా ఇవ్వాలి, గీత లోపల కొత్త గోడ లేపాలి, దూలం కొస దాని మీద కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే కొట్టాలి. జనం ఏం చేస్తారంటే జేసీబీ వచ్చినరోజు పొద్దున నాకు ఫోన్ చేస్తారు. అప్పుడు నేనేం చెయ్యాలి?

జేసీబీతో గీత దాకా కొట్టనీయొద్దు. గీతకు రోడ్డు వైపు రెండు మూడు అడుగులు చేతిపనితో, సుత్తీ ఉలితో విడదీయించండి. పాత సున్నం గోడ ఒకే ముద్దలా ఉంటుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి నూరిన సున్నం అది, అంత తేలిగ్గా వదలదు. ముందు వైపు జేసీబీ లాగితే వెనక గోడ కూడా దాంతో పాటు కదులుతుంది. పగుళ్లు ఆ రోజు కనపడవు, మొదటి వానకు కనపడతాయి.

కొట్టాక తెగిన గోడ మొహం బయటపడుతుంది కదా, దాని మీద సిమెంటు కొట్టకండి. అందరూ అదే చేస్తారు. సున్నం గోడ తేమను పీల్చి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తేమ లోపలే ఉండిపోతుంది, రెండేళ్లలో ఉప్పు పొంగి ప్లాస్టరు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఖర్చు కొంచెం ఎక్కువైనా సున్నంతోనే పూయించండి.

మెట్లు వెనక పెరట్లోకి మార్చుకోవచ్చు. పెరట్లో ఎంత జాగా ఉంది?

హరిబౌలి_వాసి · శనివారం రాత్రి 9:50

అన్నా, పెరడు 9 అడుగులు ఇంటూ 14. మూలకు బావి ఉండేది. నా చిన్నప్పుడు, 90ల్లో, నీళ్లు పాడయ్యాయని ఇంటి మలబా (ఇటుక, మట్టి చెత్త) అంతా పోసి పూడ్చేశారు. ఇప్పుడు పైన బండలున్నాయి. ఇనుప మెట్లు ఆ మూలకే వేద్దామని అనుకుంటున్నా.

సున్నం_పని · శనివారం రాత్రి 9:53

ఆ మూలకు వద్దు. వద్దంటే వద్దు.

మలబా పోసి పూడ్చిన బావి కిందికి దిగుతూనే ఉంటుంది. ఒక కాలు గట్టి నేల మీద, ఒక కాలు బావి మీద ఉంటే మెట్లు పక్కకు ఒరుగుతాయి. అవతలి మూల చూడండి. చోటు చాలకపోతే మధ్యలో ఒక చదును పెట్టి తిప్పుదాం. నేనొచ్చి చూస్తా, ఆదివారం ఖాళీయే.

చరిత్ర_పిచ్చోడు · ఆదివారం ఉదయం 6:40

ఒక మాట చెప్పొచ్చా. చార్మినార్ దగ్గరి బజారు, పత్తర్‌గట్టి కూడా రోడ్డు బాగుచేసే పనిలోంచి వచ్చిందే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది, వేలమంది పోయారు. దాని తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. అప్పుడే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి, ఇరుకు బస్తీలను తీసి రోడ్లు వేశారు. పత్తర్‌గట్టిలో రోడ్డుకు రెండు పక్కలా రాతి కమాన్లు, కింద దుకాణాలు, పైన ఇళ్లు. అంతా ఒకే వరస. అంటే పాతది తీసినవాళ్లే దాని స్థానంలో మొహం కూడా కట్టి ఇచ్చారు. ఇప్పుడేమో కొట్టేదాకే ప్లాను. తర్వాత ఎవరి సగం వాళ్లు, ఒకడు అద్దాలు, ఒకడు ఏసీపీ (అల్యూమినియం) షీటు, ఒకడు వట్టి ఇటుక. ఇంకో పదేళ్లకు ఆ రోడ్డు ఎలా కనిపిస్తుందో ఊహించుకోండి.

ఫలక్‌నుమా_పాతకాపు · ఆదివారం ఉదయం 7:30

సార్, వట్టి ఇటుక నాదే. చెక్కులో సగం అన్నదమ్ముల వాటాలకు పోయింది, మిగిలినదాంట్లో షట్టర్ పెట్టాను. కమాన్లు ఎక్కడ కట్టమంటారు?

చరిత్ర_పిచ్చోడు · ఆదివారం ఉదయం 7:41

మిమ్మల్ని అనలేదన్నా, నిజంగా. కట్టాల్సింది మీరు కాదు అనే నా బాధ.

లాల్‌దర్వాజా_లక్ష్మి · ఆదివారం ఉదయం 10:05

మొహం సంగతి తర్వాత చూద్దాం. నేను మెట్ల గురించే రాద్దామని రాత్రి నుంచి అనుకుంటున్నాను.

2025 మే 18, ఆదివారం పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర ఏం జరిగిందో ఇక్కడ ఎవరికీ గుర్తు చెయ్యక్కర్లేదు. అగ్నిప్రమాదంలో 17 మంది పోయారు. అందులో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కుటుంబం. లోపలికి సొరంగం లాంటి ఇరుకు దారి, పైకి ఒకటే మెట్లు. ఆ వారమంతా నేను బడికి పోతూ వస్తూ తల పైకెత్తి ఇళ్లే చూశాను. మన ఇళ్లన్నీ అదే పద్ధతి.

మా ఇల్లు చూసుకుంటే మెట్ల కింద కరెంటు మీటర్లు, మీటర్ల కింద రెండు స్కూటర్లు, స్కూటర్ల వెనక పాత పరుపు. అంటుకుంటే మొదట మండేది మెట్ల దారే. ఆ సాయంత్రమే పరుపు తీయించాను. స్కూటర్లు బయట పెట్టడానికి మావాడితో మూడు రోజులు గొడవ.

కాబట్టి హరిబౌలి తమ్ముడూ, ఎలాగూ మెట్లు కొత్తగా వేస్తున్నావు. దారి పెరట్లోకి మారితే, పెరట్లోంచి వీధిలోకి రావడానికి ఇంటి మధ్యలోంచే రావాలా? అలాగైతే పాత బాధే. వెనక గల్లీలోకి తలుపు ఉందా? అది ఎటు తెరుచుకుంటుంది, తాళం ఎవరి దగ్గర ఉంటుంది? పైన రోడ్డు వైపు కిటికీలకు గ్రిల్లు వెల్డింగ్ చేయించేస్తారు అందరూ. ఒక్క కిటికీ అయినా లోపలి నుంచి తెరుచుకునేలా చేయించు, తాళంచెవి పక్కనే మేకుకు వేలాడదీయి. పిల్లలకు కూడా అందేంత ఎత్తులో.

హరిబౌలి_వాసి · ఆదివారం ఉదయం 10:31

అక్కా, వెనక గల్లీలోకి తలుపు ఉంది. 20 ఏళ్లుగా తీయలేదు. లోపల వైపు బీరువా పెట్టాం.

లాల్‌దర్వాజా_లక్ష్మి · ఆదివారం ఉదయం 10:33

బీరువా తీయి. ఇవాళే.

కూకట్‌పల్లి_నుంచి · ఆదివారం మధ్యాహ్నం 12:15

వెనక గల్లీలోకి ఫైరింజన్ వస్తుందా అసలు? నాకు గుర్తున్నంతలో అక్కడ ఆటో కూడా తిరగదు.

హరిబౌలి_వాసి · ఆదివారం మధ్యాహ్నం 12:22

రాదు. మనుషులు బయటికి రావడానికే.

శాలిబండ_కిరాయిదార్ · ఆదివారం మధ్యాహ్నం 12:50

వైర్లు కూడా చూడండి భాయ్. మా మడిగె మీది నుంచి ఎన్ని కేబుళ్లు పోతాయో లెక్కేద్దామని మొదలుపెట్టి 40 దగ్గర ఆపేశాను. సగం చచ్చిన వైర్లే, కనెక్షను తీసేసినా వైరు తీయరు. రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయాక కేబుళ్లు కోశారు. రెండు రోజులు నెట్ లేదు, మా పిల్లలు ఏడ్చారు. నెల తిరిగేసరికి అవే స్తంభాల మీద మళ్లీ అవే చుట్టలు.

లాల్‌దర్వాజా_లక్ష్మి · ఆదివారం మధ్యాహ్నం 1:08

అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద పోతుంది కదా, ఆ ఒక్క రోజూ ముందు కర్రలు పట్టుకుని వైర్లు పైకి ఎత్తే పిల్లలు నడుస్తారు. మొహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపు నాడూ అంతే. ఏనుగు వచ్చిన రోజు తప్ప మిగతా రోజుల్లో మన తలల మీద ఏముందో ఎవరూ చూడరు.

హరిబౌలి_వాసి · ఆదివారం రాత్రి 9:55

మేస్త్రి అన్న వచ్చి చూసిపోయాడు. పొద్దున పదకొండు నుంచి మూడు దాకా ఉన్నాడు, చాయ్ తప్ప ఏమీ తీసుకోలేదు. ఇద్దరం అటకెక్కి దూలాలు చూశాం. పక్క గోడల మీదే ఉన్నాయి, రోడ్డు గోడ మీద లేవు. "మీ తాత మేస్త్రి తెలివైనోడు" అన్నాడు. అది విన్న దగ్గర్నుంచి నాన్న ఆ మాట నలుగురికి ఫోన్ చేసి చెప్పారు. ముందు రెండు దూలాలు పోతాయి, టేకు కాబట్టి కొత్త తలుపుకు వాడదామన్నాడు. గీత దగ్గర కొత్త గోడ ముందే లేపాలి. మెట్లు బావికి అవతలి మూల.

బీరువా జరిపాం. తలుపు రావడానికి గంటన్నర పట్టింది, గడియ తుప్పుపట్టి గోడలో కలిసిపోయింది. తీయగానే ఎదురింటి ముసలమ్మ, "ఇక్కడ తలుపుందా!" అంది.

మేనత్తకు ఫోన్ చేశాను. ముందు ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, పైన కిటికీలో రంగు అద్దాలున్నాయి కదా, కొట్టేటప్పుడు ఒక ఎర్రది, ఒక పచ్చది పగలకుండా తీసి తనకు పెట్టమంది. సంతకానికి వచ్చే వారం వస్తానంది. వాటా మాట ఆమె ఎత్తలేదు, నాన్నే ఎత్తారు.

మొత్తం ఇవ్వడం లేదు. నాన్న ఉన్నంతకాలం ఇక్కడే.

ఇంకొకటి, శాలిబండ భాయ్ రసీదు ఎవరిచ్చారన్నాడు కదా. బీరువా జరిపితే దాని కింద అట్టపెట్టె ఒకటి దొరికింది. అందులో నాన్న కిరాయి పుస్తకాలు. చాచా ఎప్పుడు ఎంత ఇచ్చాడో నెల నెలా రాసి ఉంది, పక్కన చాచా ఉర్దూలో పెట్టిన సంతకం. 1997 నుంచి. మధ్యలో రెండు పుస్తకాలను చెదలు తిన్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. వకీలు సార్, ఇవి పనికొస్తాయా?

వకీలు_పక్కింటాయన · ఆదివారం రాత్రి 10:20

బాగా పనికొస్తాయి. అసలు పుస్తకాలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి. ఫలానా తేదీ నుంచి ఈయన మా మడిగెలో కిరాయికి ఉంటున్నాడని నాన్నగారితో ఒక కాగితం రాయించి సంతకం పెట్టించండి. చాచాను సర్వే రోజు షట్టర్ తెరిచి ఉంచమనండి.

శాలిబండ_కిరాయిదార్ · ఆదివారం రాత్రి 10:34

మా ఓనరుకు కూడా ఒక బీరువా ఉంది. రేపు పోయి అడుగుతా.

సున్నం_పని · సోమవారం ఉదయం 6:05

హరిబౌలి అన్నా, నిన్న నా టేపు మీ అటక మీదే మర్చిపోయా. సాయంత్రం వచ్చి తీసుకుంటా.